హాజరులో ఉన్న పిల్ల

కొత్తగా బడి ఉద్యోగంలో చేరేవాళ్లు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. పెద్ద తరగతులు ఇవ్వలేదని, ఒకటో తరగతి అప్పజెప్పి కూడికలు చెప్పుకోమన్నారని కొందరు చిన్నబుచ్చుకుంటారు. అంతకన్నా తేలికైన పని ఏముంటుందని మరికొందరు సంతోషిస్తారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు కూడికలు చెప్పేటప్పుడే జరిగింది. అదీ వందలూ వేలూ కాదు, మూడూ రెండూ కలపమన్నప్పుడు.

ఏయే ఊళ్లలో పనిచేశాను, ఎప్పుడు పెద్ద పంతులునయ్యాను అన్న సంగతులు ఎవరికీ పనికిరావు. అందుకని ఆ ఒక్క శీతాకాలం గురించి మాత్రం రాస్తున్నాను. అది బస్తరు ఇంకా సంస్థానంగా ఉన్న కాలం. నాకు పంతొమ్మిదేళ్లు.

నేను పట్టుకెళ్లిన భయం

మాది వెంకటాపురం వైపు. అక్కడి నుంచి అడవి దారిన రెండు రోజులు నడిచి తర్లగూడ దాటి, ఇంకో పూట నడిస్తే నా మొదటి బడి వచ్చింది. ఊరి చివర తాటాకు కప్పుతో ఒకే పొడుగాటి గది. మధ్యలో వెదురు తడక. తడకకు అటువైపు పెద్ద పిల్లలకు పెద్ద గురూజీ పాఠం చెప్పేవాడు. ఇటువైపు చిన్నపిల్లలతో నేను.

పెద్ద గురూజీది రాయపూరు వైపు. హిందీ తప్ప ఇంకో భాష రాదు, నేర్చుకోవాలన్న ఆలోచనా లేదు. సంస్థానం ఇచ్చిన పుస్తకాలూ హిందీవే. ఆ ఊళ్లో వాళ్లు మాట్లాడేది మన తెలుగు. వాగు అవతల ఉన్న దోర్ల తెగవాళ్ల గూడెంలో వాళ్ల దోర్లీ, తెలుగు కలిపి మాట్లాడతారు. ఆరేడేళ్ల పిల్లకు ఇంట్లో ఒక మాట, ఊళ్లో ఒక మాట, బడిలో మరో మాట. నాకు హిందీ అంతంత మాత్రం. రోజూ పొద్దున్నే లేచి ఆ రోజు పాఠాన్ని గొణుక్కుంటూ అప్పజెప్పుకునేవాణ్ణి.

చేరిన రోజే పెద్ద గురూజీ నన్ను కూర్చోబెట్టి రెండు విషయాలు చెప్పాడు. ఏడాదికోసారి జగదల్‌పూర్ నుంచి ఇన్‌స్పెక్టర్ సాహెబ్ వస్తాడు. వచ్చినప్పుడు పిల్లలు నిండుగా ఉండాలి, అడిగిందానికి హిందీలో జవాబు చెప్పాలి. ఇందులో ఏది తప్పినా కొత్తవాడి ఉద్యోగం ముందు పోతుంది. ఇంతకు ముందు నా చోట పనిచేసినవాడు అలాగే పోయాడట.

"బెత్తం అందుకే ఇచ్చారు," అన్నాడు. "పిల్లలు నిన్ను చూసి భయపడకపోతే, నువ్వు సాహెబును చూసి భయపడాల్సి వస్తుంది."

అప్పుడు ఆ మాట నాకు గొప్ప అనుభవసారంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మనిషి తన భయాన్ని నా చేతిలో పెడుతున్నాడని, నేను దాన్ని పిల్లల చేతుల్లోకి దించానని తెలుస్తోంది. బడిలో భయం ఇలాగే పైనుంచి కిందికి దిగుతుంది. అందరికన్నా కింద ఉన్నది ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల ఇంకెవరికి ఇవ్వాలి?

వేళ్ల మీద లెక్కపెట్టడం మా బడిలో నేరం. వేళ్లు మడిచినవాడి కణుపుల మీద దెబ్బ పడేది. పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని వీపు చాటున వేళ్లు ముడిచేవాళ్లు. ముందు నుంచి చూస్తే ఏదో దాచుకున్న దొంగల్లా ఉండేవాళ్లు. ఒకటి నుంచి వంద దాకా హిందీలో పాటలా పాడేవాళ్లు. మధ్యలో ఆపి, "సాత్ అంటే ఎన్ని, చూపించు," అంటే ఒక్కడూ చూపించలేకపోయేవాడు. నేను దాన్ని చదువే అనుకున్నాను.

ఒంటెద్దు

గూడెం నుంచి వచ్చే ఏడుగురిలో ముత్తి అనే పిల్ల ఉండేది. ఎనిమిదేళ్లుంటాయి. హాజరు నిండాలని ఊరి పటేలు ఇంటికొకరిని పంపమంటే, వాళ్ల నాన్న సోమయ్య కొడుకు లేడు కాబట్టి కూతుర్ని పంపాడు. గట్టిగా మాట్లాడేది కాదు కానీ అడిగింది మాత్రం చాలాసేపు ఆలోచించి చెప్పేది. పలక మీద అంకెలు అందరికన్నా గుండ్రంగా రాసేది.

ఇన్‌స్పెక్టర్ రావడానికి పది రోజులుందనగా నేను కూడికలు వల్లె వేయించడం మొదలుపెట్టాను. సాహెబు ఎలా అడుగుతాడో అలాగే హిందీలో అడగమని పెద్ద గురూజీ ఆజ్ఞ. ముత్తిని లేపాను.

"తీన్ ఔర్ దో జోడో," అన్నాను. మూడూ రెండూ కలుపు అని.

ముత్తి కాసేపు గోడ వైపు చూసింది. పెదవులు కదిలాయి. తర్వాత తెలుగులోనే, చాలా నమ్మకంగా చెప్పింది.

"రెండు జోళ్లు. ఒకటి ఒంటెద్దు."

పిల్లలు పకపకా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఆ ఊళ్లో పెళ్లీ పెటాకులూ లేకుండా ఒంటరిగా వండుకు తింటున్నవాణ్ణి నేనొక్కడినే. ఆడవాళ్లు నీళ్లకు పోతూ నన్ను చూసి ఏదో అనుకుని నవ్వుకోవడం నాకు తెలుసు. ఈ పిల్ల నన్నే అంటోందనుకున్నాను. అదే సమయానికి తడక పక్కకు జరిగింది. నవ్వులు విని పెద్ద గురూజీ తొంగిచూస్తున్నాడు. ఆయనకు మాట అర్థం కాలేదు. పిల్లలు నవ్వుతున్నారు, పంతులు నిలబడి చూస్తున్నాడు, అంతే ఆయనకు కనిపించింది. కనుబొమలెత్తి నా బెత్తం వైపు చూశాడు.

నేను ముత్తి చెయ్యి చాపించి నాలుగు కొట్టాను. ఆ నాలుగు దెబ్బలూ కోపంతో కొట్టినవి కావు. కోపమైతే ఒకటో రెండో దెబ్బలకు చల్లారేది. ఆయన తడక మూసేదాకా కొట్టాను.

ముత్తి ఏడవలేదు. అరచెయ్యి ఒకసారి చూసుకుంది. ఎందుకు కొట్టానో తెలుసుకోవాలన్నట్టు నా ముఖం చూసింది. నేను పక్క పిల్లాణ్ణి లేపాను. 

తర్వాత రెండు రోజులు ఆమె చేతులు చంకల్లో దాచుకుని వెనక వరసలో కూర్చుంది. పలక తియ్యమంటే తీసింది. ఏమడిగినా నోరు తెరవలేదు. అంతవరకు ఆలోచించి చెప్పే పిల్ల ఆలోచించడం మానేసిందని కూడా నేను గమనించలేదు. గోల చెయ్యడం లేదు కాబట్టి దారిలో పడిందనుకున్నాను.

పులి

ముత్తిని కొట్టడానికి ముందే, ఆ నెల మొదట్లో, పులి మొదలైంది. ముందు వాగు ఎగువన గడ్డి కోస్తున్న ఒక ముసలమ్మను పట్టింది. వారం తిరగకుండా పశువులు కాసేవాణ్ణి పట్టింది. వాడి తలపాగా జొన్నచేల పక్కనే దొరికింది. ఆ చేలు మా బడికీ వాగుకీ మధ్యలో ఉన్నాయి. పైరు మనిషెత్తు పెరిగి కంకి వేసింది. మామూలుగా అయితే మంచెల మీద పిట్టలు కొట్టేవాళ్ల కేకలతో ఆ చేలు మారుమోగాలి. ఆ ఏడు ఎవరూ మంచె ఎక్కలేదు. చిలకలు కంకులు ఒలుచుకు తింటుంటే జనం ఇళ్లలోంచి చూస్తూ కూర్చున్నారు. తుపాకీ ఉన్నవాళ్ల కోసం భోపాలపట్నం మనిషిని పంపారు గానీ ఎవరూ రాలేదు.

బడి కొన్నాళ్లు మూసేద్దామని నేను పెద్ద గురూజీని అడిగాను.

"సాహెబు వచ్చేసరికి బడికి తాళం కనబడాలా?" అన్నాడు. "పులి ఒకరిద్దరిని తీసుకుపోతుంది. సాహెబు మనిద్దరినీ తీసుకుపోతాడు."

చివరకు ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున సోమయ్యా ఇంకొకతనూ డోలు కొట్టుకుంటూ గూడెం పిల్లలను వాగు దాకా తెస్తారు. వాగు దగ్గర నేను ఎదురుండి పిల్లలను తీసుకోవాలి. సాయంత్రం నేను వాగు దాకా దింపితే వాళ్లు తీసుకుపోతారు. వాగు నుంచి బడికి జొన్నచేల మధ్య సన్నటి దారి. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరమే. కానీ ఆ దారిలో నడుస్తున్నంతసేపూ నా వెన్ను మీద ఎవరో ఊపిరి వదులుతున్నట్టుండేది. పిల్లలను ముందు నడిపించి నేను వెనక నడవాలి. మొదటి రోజు నేను ముందు నడిచాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పద్దెనిమిది

ముత్తిని కొట్టిన మూడో రోజు సాయంత్రం పెద్ద గురూజీ, రేపు ఒక్కొక్కరినీ లేపి తనే అడుగుతానని ప్రకటించాడు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. వాళ్లకన్నా నేనే ఎక్కువ.

మర్నాడు పొద్దున నేను వాగుకు బయల్దేరుతుంటే, గోడ మీద అంకెలు చెరిగిపోయాయి, మళ్లీ రాయమని పెద్ద గురూజీ ఆపాడు. వద్దనే ధైర్యం నాకు లేదు. సున్నం కలిపి ఒకటి నుంచి ఇరవై దాకా రాశాను. వాగు వైపు నుంచి డోలు వినిపించింది. ఆగిపోయింది. నేను చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి గూడెం పిల్లలు చేల దారిలోంచి వస్తూ కనిపించారు. నా కోసం చూసి చూసి, పిల్లలను వాగు దాటించి, వాళ్లు బడి వైపు నడవడం చూసి సోమయ్య వాళ్లు వెనక్కి తిరిగారన్నమాట. హమ్మయ్య అనుకున్నాను. నేను ఆ దారిలో నడవాల్సిన పని తప్పింది.

హాజరు పట్టీ తీశాను. ఊళ్లోవాళ్లు పదకొండు మంది కూర్చున్నారు. గూడెంవాళ్లు వచ్చేశారు, వాళ్లు ఏడుగురు. పదకొండూ ఏడూ పద్దెనిమిది. రాశాను. తలెత్తి చూడలేదు.

మీరు బడిలో ఎన్ని కూడికలైనా చెప్పండి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. నా కూడికలో తప్పు లేదు. పదకొండూ ఏడూ ఎవరు కలిపినా పద్దెనిమిదే. కాకపోతే ఆ ఏడుగురిని నేను చూడలేదు.

ఆ రోజు పెద్ద గురూజీ అటువైపు పిల్లలతోనే మధ్యాహ్నం దాకా గడిపాడు. మా వైపు వచ్చి ముగ్గురు నలుగురిని లేపి, రెండు దెబ్బలు వేసి వెళ్లాడు. నేను ఎక్కాలు పాడించాను. పిల్లలు ఎన్నడూ లేనంత గట్టిగా పాడారు. కొందరు నన్ను చూసి చప్పున తల దించుకున్నారు. పెద్ద గురూజీ భయం అనుకున్నాను.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే గూడెం పిల్లలను వరసలో నిలబెట్టాను. ఆరుగురే ఉన్నారు.

మళ్లీ లెక్కపెట్టాను. ఆరు.

"ముత్తి ఏది?"

గది వెనక్కి వెళ్లి చూసి వచ్చాను.

"మూత్రానికి పోయిందా? ఎటు పోయింది?"

పిల్లలు నేల చూశారు.  తడక తోసుకుని పెద్ద గురూజీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన హాజరు పట్టీ తెప్పించి చూశాడు. వేలు పెట్టి చూపించాడు.

"పద్దెనిమిది. పిల్ల వచ్చింది. నీ చేత్తో రాశావు."

"నేను చూడలేదు గురూజీ. కలిపి రాశాను."

ఆయన ముఖం తెల్లబోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "అయినా వచ్చింది. వచ్చి, మధ్యలో ఇంటికి పారిపోయింది. ఎవరడిగినా అదే చెప్పు. రాసిందాని మీద నిలబడాలి."

ఆ క్షణంలో నేను ఆ మాట పట్టుకుని వేలాడదామనుకున్నాను. పిల్ల ఇంటికే పోయి ఉంటుందని, వాగు దగ్గర సోమయ్య నవ్వుతూ ఇదే చెప్తాడని నాకు నేనే చెప్పుకుంటూ ఆరుగురినీ తీసుకుని చేల దారిన నడిచాను. దారి సగంలో కాలువ తడి ఉంది. ఆ తడిలో అడుగులున్నాయి. నా అరచెయ్యి పరిచినా నిండనంత పెద్దవి. అంచులు ఇంకా ఎండలేదు. పొద్దుటి పిల్లల పాదాల గుర్తుల మీదుగా అవి పడ్డాయి. అంటే పిల్లలు దాటాక, పగటి పూటే, మేం లోపల ఎక్కాలు పాడుకుంటుండగానే.

పిల్లలు కూడా చూశారు. ఎవరూ అరవలేదు. జోగి అనే చిన్నది నా పంచె కొంగు పట్టుకుంది.

వాగు దగ్గర

సోమయ్య పిల్లలను లెక్కపెట్టలేదు. ఒక్కసారి చూశాడు.

"నా పిల్లేది?"

  ఇంటికి రాలేదా అని అడగబోయాను గానీ ఆయన ముఖం చూస్తే అక్కర్లేకపోయింది.

"ఏందయ్యా పంతులూ, పలకవేంది? ముత్తి ఏది?"

"పొద్దున్నించీ చూడలేదు," అన్నాను.

"పొద్దుగాల నేనే గద వాగు దాటించిన! దినమంత చూడలేదంటవా? మరి ఏం జేసినవ్ దినమంత?"

అప్పుడు నా కొంగు పట్టుకున్న జోగి ఏడుస్తూ చెప్పింది. "మామా, ముత్తి బడికి రాలే. చేల్లకు పోయింది. ఎవలకన్న చెప్తే మిమ్ముల గూడ కొడ్తరన్నది."

ఆరుగురికీ తెలుసు. ఊళ్లో పిల్లలు పదకొండుగురికీ తెలుసట. దినమంతా నా ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల పులి తిరిగే చేలో ఉందని తెలిసి, గొంతు చించుకుని ఎక్కాలు పాడారు గానీ ఒక్కరూ నాకు చెప్పలేదు. మంచి పిల్లలే వాళ్లు. ముత్తిని నా నుంచి కాపాడుతున్నామనుకున్నారు. పిల్లలు మౌనంగా ఉన్న తరగతిని చూసి సంతోషించే పంతుళ్లను నేను తర్వాత చాలామందిని చూశాను. నాకు మాత్రం అలాంటి గది చూస్తే ఇప్పటికీ దిగులు పుడుతుంది.

సోమయ్య రెండోమనిషిని పిల్లలతో పంపి, డోలు నా మెడలో వేశాడు. తను గొడ్డలి పట్టుకున్నాడు. ఊళ్లోంచి నలుగురైదుగురు కర్రలతో వచ్చి కలిశారు. జొన్నలోకి దిగాం. రెండడుగుల ముందు ఏముందో కనిపించదు. ఆకులు ముఖానికి కోసుకుంటున్నాయి. ఎక్కడ గాలి కదిలినా మనిషి గుండె ఆగుతుంది. నేను డోలు కొడుతూ, "ముత్తీ! ముత్తీ!" అని అరుస్తూ నడిచాను. పులి వస్తుందన్న భయం ఒకటి. ఎక్కడైనా బట్ట పేలిక కనిపిస్తుందేమోనన్న భయం దానికన్నా పెద్దది. నేల వైపు చూడకుండా ఉండలేను, చూడలేను.

చేను మధ్యలో ఒక మంచె ఉంది. దాని కింద పైరు చదునుగా నలిగి ఉంది. ఏదో బరువైనది చాలాసేపు పడుకున్నట్టు. పచ్చి వాసన. మంచెకు నిచ్చెన లేదు. మేమంతా అక్కడ ఆగిపోయాం. నేను మళ్లీ పిలిచాను. జవాబు లేదు. సోమయ్య నా చెయ్యి పట్టుకుని డోలు ఆపించాడు.

"బిడ్డా," అన్నాడు మామూలు గొంతుతో. "నేనే. నాయిన్ని."

పైన గడ్డి కదిలింది. ముత్తి తల బయటికొచ్చింది. వెదురు నిచ్చెన పైకి లాక్కుని దాని పక్కన ముడుచుకుని పడుకుంది. సోమయ్య గుంజ పట్టుకుని ఎక్కి దించాడు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. కింద నన్ను చూసి నాన్న మెడలో ముఖం దాచుకుంది.

"నేను పిలిస్తే వినబడలేదా ముత్తీ?" అన్నాను.

నాన్న మెడలోంచే చెప్పింది. "ఇనబడ్డది."

అందుకే ముడుచుకుంది. నా గొంతు విని.

సోమయ్య ఆమె వీపు నిమురుతూ అడిగాడు. "అది వచ్చిందా బిడ్డా?"

"వచ్చింది. కింద పండుకున్నది. ఊపిరి ఇనబడ్డది."

"మరి మొత్తుకోకపోయినవా? బడి ఇంత దగ్గర! అందరు ఉరికొచ్చేటోళ్లు గద."

"మొత్తుకుంటే పంతులొస్తడనుకున్న," అన్నది ముత్తి.

 కర్రలు పట్టుకున్నవాళ్లలో ఒకరు కూడా నా వైపు చూడలేదు.

సోమయ్య చెప్పిన కూడిక

వాగు దాకా వాళ్ల వెనకే నడిచాను. అక్కడ సోమయ్య ఆగి ఎందుకు కొట్టావని అడిగాడు. అరవలేదు. నేను చెప్పాను. మూడూ రెండూ జోడో అన్నాననీ, ఒంటెద్దు అని నన్ను వెక్కిరించిందనీ.

ఆయన కొంచెంసేపు అర్థం కానట్టు చూశాడు.

"నిన్నెందుకంటదయ్యా? మూడెడ్లు, ఇంకో రెండెడ్లు. జోడు కట్టమన్నవ్. రెండు జోళ్లయితయ్, ఒకటి ఒంటెద్దు మిగుల్తది. నన్నడిగినా గంతే చెప్త. పిల్ల తప్పేం జెప్పింది?"

తప్పేమీ చెప్పలేదు. నాకు కావలసిన అయిదు కన్నా ఆమె చెప్పినదే కష్టమైన లెక్క. మూడింటినీ రెండింటినీ మనసులో ఒకచోట చేర్చి, మళ్లీ జతలుగా విడదీసి, మిగిలినదాన్ని కూడా చెప్పింది. వ్యవసాయం చేసే ఇంట పుట్టిన నాకు ఆ మాట అందాలి. అందలేదు. నేను ఆమె జవాబు వినలేదు, నా వెనక తడక చప్పుడు విన్నాను.

కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. పిల్ల తప్పు చెప్పిందని మీకు తోచినప్పుడు, ముందు "ఎట్లా చేశావు, చూపించు," అని అడగండి. అడిగి నష్టపోయిన పంతులును నేనింతవరకు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్

మర్నాటి నుంచి గూడెం పిల్లలు రాలేదు. ఊళ్లోవాళ్లు సగం మంది మానేశారు. ముత్తికి జ్వరం తగ్గలేదని రోజూ కబురు తెలిసేది. నాకు అన్నం సయించలేదు. ఆ పిల్లకు ఏమైనా అయితే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఊరి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చేవాణ్ణి.

పెద్ద గురూజీ నన్ను బతిమాలాడు. ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. "పులి వల్ల పిల్లలు రావడం లేదని చెబుదాం. అది అబద్ధం కాదు. ఆ ఒక్క రోజు పేజీ మాత్రం అడక్కుండా చూద్దాం. నాకు నలుగురు పిల్లలు."  ఇన్నాళ్లూ నేను కొండలా చూసిన మనిషి నా అంత భయస్థుడని అప్పుడు తెలిసింది. ఆయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు. అలాగని ఆయన చేసింది సరైనదని చెప్పను.

ఇన్‌స్పెక్టర్ సాహెబ్ నడివయసు మనిషి. పులి ఊరని ఇద్దరు బంట్రోతులను వెంటబెట్టుకుని వచ్చాడు. తడకకు రెండు వైపులా కలిపి తొమ్మిది మంది పిల్లలను చూశాడు, మా వైపు పట్టీ తిరగేశాడు. ఒకచోట ఆగాడు.

"పులి తిరుగుతున్న రోజుల్లో పద్దెనిమిదికి పద్దెనిమిది మందీ వచ్చారా?" అన్నాడు మెచ్చుకోలుగా.

అవునంటే సరిపోయేది. పెద్ద గురూజీ నా వైపు చూస్తున్నాడు.  ఉద్యోగం పోతే ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను. అయితే ఆ పేజీ చూసినప్పుడల్లా నలిగిన జొన్న నా కళ్లకు కడుతోంది.

"పదిహేడు మందే వచ్చారు సాహెబ్. ఒక పిల్ల రాలేదు. నేను చూడకుండా రాశాను," అన్నాను. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. దెబ్బలు, ఒంటెద్దు, మంచె, అన్నీ చెప్పాను. నా వచ్చీరాని హిందీలో ఎంత అర్థమయిందో తెలియదు.

ఆయన పట్టీ మూశాడు. "పిల్ల బతికుందా?" అని అడిగాడు.

"బతికుంది. జ్వరంగా ఉంది."

"అయితే నీ అదృష్టం," అన్నాడు. "నిజం చెప్పావు కాబట్టి ఉద్యోగంలో ఉంచుతున్నాను. తప్పుడు హాజరు రాశావు కాబట్టి ఈ ఊళ్లో ఉంచను."

కోంట వైపు వేశారు. పెద్ద గురూజీ ఆ బడిలోనే ఉండిపోయాడు. పులిని ఎవరూ చంపలేదని, ఎండాకాలం వచ్చేసరికి దానంతటదే కనిపించకుండా పోయిందని తర్వాత విన్నాను.

తర్వాతి బళ్లు

కొత్త బడికి వెళ్లిన రోజునే బెత్తం అటక మీద పడేశాను. మొదటి నెల రోజులు నేను ఏమీ నేర్పలేదు, నేర్చుకున్నాను. కలపడాన్ని ఇంట్లో ఏమంటారు, చేలో ఏమంటారు, అమ్మ చింతపిక్కలు పోగేస్తే ఏమంటుంది అని పిల్లలనే అడిగేవాణ్ణి. "కలుపు" అంటే సగం మంది పిల్లలకు చేలో పీకి పారేసే కలుపు మొక్క గుర్తుకొచ్చింది. కలుపు అంటే పెరికెయ్యాలి కదా, మరి పెరుగుతుందంటావేం అని ఒక పిల్లాడు నన్ను నిలదీశాడు. వాడు భయపడకుండా అడిగినందుకు ఆ పూట నాకు పండగలా అనిపించింది.

అక్కడా తప్పులు చేశాను. ఎనిమిదీ ఆరూ చెబుతూ, "పద్నాలుగులో నాలుగు వెయ్, ఒకటి చేతిలో పట్టుకో," అన్నాను. ఒక పిల్ల బడి వదిలేదాకా పిడికిలి విప్పలేదు. ఎందుకమ్మా అంటే, "నువ్వు పట్టుకోమన్నవ్ గద, పడిపోతే ఏమంటవో అని," అంది. గోళ్లు అరచేతిలో దిగి గుర్తులు పడ్డాయి. నేను కొట్టనని ఆ పిల్లకు తెలుసు. అయినా భయం. పంతులు బెత్తం పారేసినంత మాత్రాన పిల్లల్లోంచి భయం ఒక్క రోజులో పోదు. మీకన్నా ముందు ఎవరో ఒకరు దాన్ని అక్కడ పెట్టి ఉంటారు. దాన్ని తీయడానికి అంకెలు నేర్పడం కన్నా ఎక్కువ కాలం పడుతుంది. కొన్నిసార్లు తీయలేం కూడా.

వెళ్లే ముందు రోజు

ఇది ముందే రాయాల్సింది. రాయడానికి ఇప్పటికీ జంకుగా ఉండి చివరిదాకా నెట్టుకొచ్చాను.

కోంటకు బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం గూడేనికి వెళ్లాను. ఒంటరిగానే వెళ్లాను. చేల దారిలో ప్రతి అడుగుకూ వెనక్కి చూసుకున్నాను. ముత్తికి జ్వరం తగ్గి రెండు రోజులైందని విన్నాను. సోమయ్య వాకిట్లో నాగలి చెక్కుకుంటున్నాడు. లేచి మంచం వాల్చాడు. నీళ్లిచ్చాడు.

"పిల్లను మళ్లీ బడికి పంపుతావా సోమయ్యా? నేను ఉండను. వేరే పంతులు వస్తాడు."

"నీ మీద కోపం లేదు పంతులూ," అన్నాడు నాగలి వైపు చూస్తూ. "కని అది పోదు. బడి పేరెత్తితే రాత్రి పక్క తడుపుతున్నది."

ముత్తి గుడిసె గోడ పక్క నిలబడి ఉంది. చాలా చిక్కిపోయింది. ఆమెకిద్దామని ఒక కొత్త పలక తెచ్చాను. "ముత్తీ, నువ్వు చెప్పిన లెక్క తప్పు కాదు. నేనే తప్పు," అన్నాను. ఎన్నాళ్లుగానో అనుకున్న మాట. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. పలక తియ్యడానికి సంచిలో చెయ్యి పెట్టాను.

ఆమె రెండు చేతులూ చంకల్లోకి పోయాయి. ఒళ్లంతా గోడకు అదుముకుంది.

నేను చెయ్యి అలాగే ఆపాను. తర్వాత నెమ్మదిగా పలక తీసి, ఆమెకు కనిపించేలా ఎత్తి చూపించి, నేల మీద పెట్టాను. నాలుగడుగులు వెనక్కి వేశాను. కదల్లేదు. వాకిలి చివరిదాకా వెళ్లాను. సోమయ్య, "తీసుకో బిడ్డా, పంతులు ఏమనడు," అన్నాడు. కదల్లేదు.

సోమయ్యకు దండం పెట్టి వాకిలి దాటాను. దడి వారగా నడిచి, దాని తలుపు వేసి, అవతలికి వెళ్లి సందులోంచి చూశాను. అప్పుడు ముత్తి వచ్చి పలక తీసుకుంది.